పాండిచేరి ఫ్రెంచి కాన్సలేటు - మన యానాం కాగితాలు

యానాం ప్రాంతపు పాత ఇళ్ళలో కొన్నింట, భోషాణం అడుగున, పెళ్ళినాటి పట్టుబట్టల క్రింద ఫ్రెంచి భాషలో వ్రాసిన కాగితం ఒకటి దాగి వుంటుంది. దాని మీద ముద్ర వుంటుంది, తాతగారి పేరు వుంటుంది. చదవగలవారు మాత్రం ఇంట్లో ఎవరూ వుండరు. అది తాతగారి పుట్టుక కాగితమో, పటాలంలో చేరిననాటి కాగితమో, ఇంటి స్థలం దస్తావేజో తెలియకుండానే రెండు తరాలు గడిచిపోయినవి. పారవేయరాదని మాత్రం అందరికీ తెలుసు. ఏనాడో ఒకనాడు పెద్దమనిషి ఒకడు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. "ఆ కాగితం ఇలా ఇవ్వండి. పాండిచేరి కాన్సలేటులో నాకు తెలిసినవారున్నారు. మీ మనుమడికి ఫ్రాన్సు పాస్‌పోర్టు తెప్పిస్తాను. ఖర్చులకు కొంత పడుతుంది" అంటాడు. మగ్గం గుంటలో నెలంతా కూర్చుంటే చేతికి వచ్చే కూలి ఎంతో, ఫ్రాన్సులో వారం రోజుల జీతం ఎంతో అతడు వ్రేళ్ళ మీద లెక్క కట్టి చూపేసరికి వినేవారి మనస్సు మెత్తబడుతుంది. నూలుకని దాచిన డబ్బు అతని జేబులోకి పోతుంది. కాగితం కూడ పోతుంది.

ఆ కాగితానికి విలువ వున్నదా, లేదా? తేల్చుకోవాలంటే ముందు ఈ కాన్సలేటు అనేది ఏమిటో, అది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియాలి. షోలాపూరు, భివండీ, బెంగుళూరు, బరంపురం సోదరులు "ఇది యానాం వారి గొడవ గదా" అని పుట తిప్పివేయవద్దని మనవి. కాన్సలేటుతో పని రేపు మీకూ పడవచ్చును. ఆ సంగతి కూడ తరువాత చెప్పుకుందాం.

ఒక దేశపు రాయబారి మరొక దేశపు రాజధానిలో వుంటాడు. ఫ్రాన్సు రాయబారి ఢిల్లీలో వున్నాడు. ప్రభుత్వంతో ప్రభుత్వం మాట్లాడుకొనే పని అతనిది. జనం పని చూసేవాడు కాన్సలు. అతడు పెద్ద పట్టణాలలో, రేవులలో, తన దేశస్థులు ఎక్కువగా వున్న చోట్ల వుంటాడు. ఈ ఉద్యోగం పుట్టినది రాచకొలువులో కాదు, బజారులో. మధ్యధరా సముద్రపు రేవులలో ఇటలీ పట్టణాల వర్తకులు తమలో తగవులు తీర్చుటకు, అక్కడి ప్రభువు యెదుట తమ తరపున మాట్లాడుటకు ఒక పెద్దను పెట్టుకొనేవారు. మన మచిలీపట్నం రేవులో షాబందరు నవాబు తరపు మనిషి. కాన్సలు అటువంటి షాబందరు యెదుట నిలిచి వర్తకుల తరపున వాదించే మనిషి. కనుక ఈ ఉద్యోగానికి మొదటి నుండి గుడ్డ మూటల వాసన వున్నదని చెప్పవచ్చును.

ఇప్పుడు అన్ని దేశాలకు ఒకే నిబంధనావళి వున్నది. 1963 ఏప్రిల్ 24న వియన్నాలో కుదిరిన ఒడంబడిక అది. మన దేశం 1977లో దానిలో చేరింది. కాన్సలు చేయదగిన పనులు దాని ఐదవ అధికరణంలో వ్రాసి వున్నవి. తన దేశస్థులను కాపాడుట, వర్తకాన్ని పెంపొందించుట, తన వారికి పాస్‌పోర్టులు, పరాయివారికి వీసాలు ఇచ్చుట, పుట్టుక, పెండ్లి, చావు నమోదు చేయుట, కాగితాలకు సాక్షి ముద్ర వేయుట, తన దేశస్థుడు చనిపోతే ఆస్తి వారసులకు చేరేటట్లు చూచుట - ఇవన్నీ ఆ పట్టికలోనివి. మనలో చాలమంది కాన్సలేటు గేటు లోపల వున్నది పరాయి దేశపు భూమి అనుకొంటారు. అది తప్పు. భూమి మన దేశానిదే, చట్టం కూడ మన దేశానిదే. కాన్సలు అనుమతి లేకుండ మన అధికారులు వారి కార్యాలయపు గదులలోనికి పోరాదు, అంతవరకే.

పాండిచేరిలో సముద్రానికి దగ్గరగా మెరైన్ వీధిలో ఫ్రెంచి కాన్సలేటు వున్నది. మద్రాసు వంటి మహాపట్టణంలో వుండే కాన్సలేట్లకు దీనికి ఒక భేదం వున్నది. అక్కడి కాన్సలేట్లకు వచ్చే వారిలో ఎక్కువమంది విదేశానికి పోగోరే మనవారు. ఇక్కడ పని మీద వచ్చే ముసలి ఫ్రెంచి పౌరులలో చాలమంది తమిళులు. కొద్దిమంది మన తెలుగువారు. పరాయి దేశపు కాన్సలేటుకు సొంత వూరివారే దేశస్థులయిన వింత ఇది. ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనుకకు పోవాలి.

పరాసువారు మన తీరానికి వచ్చినది గుడ్డ కోసం. 1723లో యానాంలో వారి కొట్టు వెలసింది. గోదావరి పాయల వెంట నేసిన తెల్లగుడ్డకు ఆనాడు ఎంత పేరంటే, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీద వచ్చిన "మాదపొలాం" అనే మాట ఒక రకం తెల్ల నూలుగుడ్డకు పేరై ఫ్రెంచి భాషలో నేటికీ నిలిచివున్నది. పాండిచేరిలో నీలిమందు అద్దిన "గినీ" గుడ్డ ఓడలెక్కి ఆఫ్రికాలోని సెనెగాలు నదికి పోయేది. అక్కడ తుమ్మబంకకు బదులుగా ఆ గుడ్డనే డబ్బువలె కొలిచి ఇచ్చేవారు. ఆ గుడ్డ నేసినవారి పేర్లు ఏ పుస్తకంలోను ఎక్కలేదు. మనుషుల పేర్లు పుస్తకాలకెక్కుట వేరే కారణాల వల్ల మొదలయింది.

మొదటి కారణం కూలి వలస. 1828 ప్రాంతం నుండే యానాం రేవు నుండి తెలుగు కూలీలను రియూనియన్ దీవి చెరకు తోటలకు ఎక్కించారు. అది పరాసువారి దీవి. తరువాత అక్కడ బానిసత్వం రద్దయి కూలీల అవసరం మరింత పెరిగింది. ఫ్రెంచి యానాం ఎంత? పిడికెడు నేల. చుట్టూ వున్న ఆంగ్లేయుల జిల్లాల నుండి మనుషులు కావలసివచ్చారు. అందుకు 1860 జూలై 25న రెండు ప్రభుత్వాలు ఒడంబడిక చేసుకొన్నవి. ఆంగ్లేయుల ఏలుబడిలోని కూలీలకు రియూనియన్‌లోని బ్రిటిషు కాన్సలు దగ్గరకు పోయి మొరపెట్టుకొనే హక్కు వుండాలని, తోట యజమానులు దానికి అడ్డు రారాదని దానిలో వ్రాసుకొన్నారు.

ఈ సంగతి కొంచెం నిలిచి ఆలోచించవలసినది. ఒకే ఓడలో ఇద్దరు కూలీలు పోయారనుకోండి. ఒకడు కాకినాడ వైపువాడు, ఇంకొకడు యానాంవాడు. ఇద్దరూ తెలుగువారే. ఇద్దరికీ తోటలో ఒకటే దెబ్బ, ఒకటే పస్తు. కాకినాడవాడు సెన్ డెనీ పట్టణంలోని బ్రిటిషు కాన్సలు గుమ్మం ఎక్కి చెప్పుకొనవచ్చును. యానాంవాడు ఫ్రెంచి ప్రజ. అతనిది ఏ కాన్సలు దృష్టిలోను పరాయి దేశం కాదు, అందుచేత అతని తరపున అడిగే కాన్సలు లేడు. కాన్సలు వున్నంత మాత్రాన కాకినాడవాడి బాధలు తీరిపోలేదు సుమా. తోట నుండి పట్టణానికి నడిచిపోవుటే గగనం, పోతే పని ఎగవేశాడని జుల్మానా. అయినా ఫిర్యాదులు పేరుకొన్నవి, 1877లో ఇరు ప్రభుత్వాల విచారణ సంఘం వెళ్ళి చూసింది, 1882లో భారత ప్రభుత్వం ఆ దీవికి వలసను ఆపివేసింది. వ్రాసిపెట్టే మనిషి ఒకడు అక్కడ వుండబట్టే ఆ ఫిర్యాదులు కలకత్తా దాక చేరినవి. నేడు అదే సెన్ డెనీలో మన భారత ప్రభుత్వపు కాన్సలేటు వున్నది.

రెండవ కారణం 1881 నాటి ఫ్రెంచి శాసనం. ఫ్రెంచి ఇండియాలోని వారు ఎవరయినా తమ కులాచారపు చట్టాన్ని వదలుకొని ఫ్రెంచి పౌర చట్టం క్రిందికి వస్తామని వ్రాసి ఇవ్వవచ్చునన్నారు. అలా ఇచ్చినవారిని "రెనొన్సాన్లు" అన్నారు. అనగా వదలుకొన్నవారు. వారు ఇంటిపేరు ఒకటి ఎంచుకొని రిజిస్టరులో వ్రాయించుకోవాలి. ఈ ఉద్యమానికి నాయకుడయిన పొన్నుతంబి పిళ్ళె "లాపోర్త్" అనే పేరు తీసుకొన్నాడు. తలుపు అని దాని అర్థం. ఎక్కువమంది దీని జోలికి పోలేదు. తమ ఆచారాలతో తాము వుండిపోయారు. ఫ్రెంచివారు కూడ వారిని బలవంతపెట్టలేదు. దీనివల్ల ఒక తమాషా జరిగింది. 1930లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్య వివాహాలు నిషేధమయినప్పుడు, ఆ చట్టం చెల్లని యానాంకు చుట్టుప్రక్కల జిల్లాల పెళ్ళివారు బండ్లు కట్టుకొని వచ్చి పెళ్ళిళ్ళు చేసుకొని పోయేవారు. దానితో ఆ వూరికి కల్యాణపురమని పేరు పడింది. ఏరు దాటితే చట్టం మారిపోయే రోజులు అవి.

ఆ రోజులు 1954లో ముగిసినవి. ఆ ఏడు జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. నవంబరు 1న పాండిచేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటి పాలన భారతదేశం చేతికి వచ్చింది. కాని అది చేతికి వచ్చుటే గాని చట్టరీత్యా రాలేదు. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయినవి. ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదించుటకు మరి ఆరేళ్ళు పట్టింది. అల్జీరియా యుద్ధం నడుస్తున్నంత కాలం అక్కడి ప్రభుత్వం ఇటువంటి కాగితాన్ని పైకి తీయలేకపోయింది. ఆ యుద్ధం ఆగిన తరువాత, 1962 ఆగస్టు 16న ఒప్పందం అమలులోనికి వచ్చింది. ఆ ఎనిమిదేళ్ళూ మన యానాంవారు పాలన రీత్యా భారతీయులు, చట్టం రీత్యా ఫ్రెంచివారు.

1962 ఆగస్టు 16 అనే తేదీని మన యానాం సోదరులు గుర్తు పెట్టుకోవాలి. పౌరసత్వం సంగతి ఆ ఒప్పందంలో ఇలా వున్నది. ఈ నాలుగు చోట్ల పుట్టి అక్కడే కాపురమున్న ఫ్రెంచి జాతీయులు ఆ రోజు నుండి భారత పౌరులవుతారు. అలా కాక ఫ్రెంచి పౌరులుగానే వుండదలచినవారు ఆరు నెలలలోగా వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇండియాలో మరొక చోట కాపురమున్నవారికి కూడ ఇదే పద్ధతి. ఇండియా బయట కాపురమున్నవారు మాత్రం ఏమీ వ్రాయనక్కరలేకుండ ఫ్రెంచివారుగానే వుండిపోతారు; వారు భారత పౌరులు కాదలచితేనే వ్రాసి ఇవ్వాలి. పదునెనిమిదేళ్ళు నిండని పిల్లలకు తండ్రి మాట, తండ్రి లేకపోతే తల్లి మాట.

ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు వున్నారనుకుందాం. అన్న ఫ్రెంచి పటాలంలో చేరి, పని విరమించి, సైగాన్‌లో కాపురం పెట్టాడు. తమ్ముడు యానాంలో తండ్రి మగ్గం మీద కూర్చున్నాడు. ఆ ఆగస్టులో ఇద్దరూ ఏ కాగితమూ వ్రాయలేదు. అన్న ఫ్రెంచివాడుగా మిగిలాడు, తమ్ముడు భారతీయుడయ్యాడు. అన్న పిల్లలు ఫ్రాన్సుకు పోయారు. తమ్ముని పిల్లలు అదే మగ్గం మీద వున్నారు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య ఈ గీత గీసినది వారి కోరిక కాదు. ఆ రోజున ఎవరు ఏ వూళ్ళో వున్నారనేదే.

1961 జనాభా లెక్కల ప్రకారం ఈ నాలుగు చోట్ల కలిపి 3 లక్షల 69 వేల మంది వున్నారు. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొంటామని వ్రాసి ఇచ్చినవారు సుమారు 5,000 మంది. మిగిలినవారు ఎందుకు వ్రాయలేదని అడిగితే రకరకాలుగా చెబుతారు. సొంత దేశంలో కలిశామన్న సంతోషంలో అది అవమానంగా తోచినవారున్నారు. ప్రభుత్వోద్యోగం పోతుందని జంకినవారున్నారు. చాలమందికి అసలు ఆ గడువు సంగతే తెలియదు. 1963 ఫిబ్రవరి నడుమ గడువు తీరిపోయింది. మనవారు పొరపాటు చేశారని నేను అనను. అప్పుడే స్వతంత్రమయిన దేశానికి మేము చెందుతామన్నవారిని ఈనాటి జీతాల లెక్కతో తప్పు పట్టుట న్యాయం కాదు. కాని తెలిసి వదలుకొనుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు.

ఇక ఆ 5,000 మంది సంతతివారికి, పింఛనుదార్లకు కాన్సలేటు నేటికీ చేస్తున్న పని చూద్దాం. ఫ్రాన్సు పింఛను తీసుకొనే వృద్ధులు తాము బ్రతికివున్నట్లు కాగితం పంపుతూ వుండాలి. కష్టంలో వున్న వృద్ధ ఫ్రెంచి పౌరులకు సహాయ వేతనం ఇచ్చే ఏర్పాటు వున్నది. ఓట్లు కూడ వున్నవి. 2022లో ఫ్రాన్సు అధ్యక్షుని ఎన్నికలు జరిగినప్పుడు ఈ కాన్సలేటు పట్టికలో నాలుగున్నర వేల పైచిలుకు ఓటర్లు వున్నారు. జూలై 14న వారి జాతీయ దినోత్సవం నాడు పాండిచేరిలో పాత సిపాయిలు పతకాలు తగిలించుకొని యుద్ధ స్మారకం దగ్గర నిలబడుట చూడదగిన దృశ్యం.

అన్నింటికంటె ముఖ్యమయినది నమోదు పని. ఫ్రెంచి పౌరుడు మన దేశంలో పెండ్లి చేసుకోదలిస్తే పెండ్లికి ముందే కాన్సలేటుకు దరఖాస్తు పెట్టి, అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి. పెండ్లి అయిన తరువాత దానిని ఫ్రెంచి రిజిస్టరులోనికి ఎక్కించుకోవాలి. బిడ్డ పుడితే మన మునిసిపాలిటీ జనన పత్రంతో పోయి అదీ ఎక్కించుకోవాలి. ఫ్రెంచి తండ్రికి గాని తల్లికి గాని పుట్టిన బిడ్డ పుట్టుకతోనే ఫ్రెంచి పౌరుడు. కాని పుస్తకంలో ఎక్కని బిడ్డకు ఆ సంగతి రుజువు చేసుకొనుట చాల కష్టం. యానాం నుండి పాండిచేరి ఎనిమిది వందల కిలోమీటర్ల మాట. రానుపోను నాలుగు రోజుల కూలి, రైలు ఖర్చు. "వచ్చే ఏడు చూద్దాంలే" అని వాయిదా వేస్తారు. ఇంతలో బిడ్డ పెద్దదవుతుంది, పెండ్లవుతుంది, దానికీ బిడ్డలు పుడతారు.

ఇక్కడ ఫ్రెంచి చట్టం తలుపు వేస్తుంది. విదేశంలో ఏభై ఏళ్ళకు పైగా వుండిపోయిన కుటుంబంలోని మనిషి, తానుగాని తన తండ్రిగాని తల్లిగాని ఆ కాలంలో ఫ్రెంచి పౌరులవలె మెలగి వుండకపోతే - అనగా పాస్‌పోర్టు, ఓటరు పట్టిక, కాన్సలేటు నమోదు వంటివి ఏవీ లేకపోతే - తాత వంశం చూపి పౌరసత్వం రుజువు చేసుకొనే అవకాశమే ఇవ్వరాదని వారి పౌరస్మృతిలో వున్నది. 1962 నుండి ఏభై ఏళ్ళు 2012లో నిండినవి. అరుగు మీద కూర్చున్న ఆ పెద్దమనిషి ఈ మాట ఎన్నడూ చెప్పడు. ఇంకొక సంగతి కూడ చెప్పడు. విదేశంలో వున్నవారికి ఫ్రెంచి జాతీయతా పత్రం ఇచ్చేది కాన్సలేటు కాదు, పారిస్ న్యాయస్థానంలోని కార్యాలయం. కాన్సలేటులో అతనికి ఎవరు తెలిసినా ఆ పత్రం వారి చేతిలో లేదు. ఇంతకూ 1962లో తాతగారు ఏమీ వ్రాసి ఇవ్వక యానాంలోనే కాపురం వున్నవారయితే, ఆయన పుట్టుక కాగితం ఎంత పాతదయినా మనుమడికి పౌరసత్వం తెచ్చిపెట్టదు. తాతగారు వ్రాసి ఇచ్చిన కాగితమే దొరికితే మాట వేరు. అప్పుడు తండ్రి పేరు రిజిస్టరులో వున్నదేమో వెదకాలి.

ఈ పాస్‌పోర్టు మోజు పాండిచేరి వైపు పెండ్లి సంబంధాలలో కట్నపు లెక్కగా కూడ మారింది. పెండ్లి వల్ల పౌరసత్వం కోరాలన్నా కనీసం నాలుగేళ్ళ కాపురం నిజంగా సాగి వుండాలి, కొన్ని సందర్భాలలో అయిదేళ్ళు. దానిపైన భాష పరీక్ష వున్నది. కాగితం కోసం చేసిన పెండ్లి అని తేలితే ఆ పెండ్లే కొట్టివేస్తారు. ఆడపిల్లల తండ్రులు ఇది తెలుసుకొని వుండాలి.

పేర్ల చిక్కు ఒకటి చెప్పి తీరాలి. ఫ్రెంచి గుమాస్తా తన చెవికి వినబడినట్లు తన అక్షరాలలో వ్రాశాడు. మన "ఉ"కారానికి వారు రెండు అక్షరాలు వాడుతారు. "వ" వున్న చోట ఒక్కొక్కసారి మూడచ్చులు పేరుస్తారు. యానాంనే "యనఓన్" అన్నట్లు వ్రాశారు. అదే వెంకటేశ్వర్లు గారి మనుమడు ఆధార్ కార్డులో ఇంగ్లీషు పద్ధతిలో వ్రాయించుకొన్నాడు. రెండు కాగితాలు ప్రక్కప్రక్కన పెడితే ఇద్దరు వేరు మనుషులనిపిస్తుంది. పైగా మన ఇంటిపేరు ముందు వ్రాయుట, పొడి అక్షరాలతో వదలివేయుట మరొక గందరగోళం. తమిళ సోదరులకు ఇంటిపేరే లేక ఒక చిక్కు, మనకు వుండి ఒక చిక్కు. బడిలో చేర్చేనాడే ఇంటిపేరు పూర్తిగా, ప్రతి కాగితంలోను ఒకే తీరున వ్రాయించండి. ఇది ఫ్రాన్సు సంగతికే కాదు, పింఛనుకు, బ్యాంకుకు, భీమాకు కూడ అక్కరకు వచ్చేదే.

ఫ్రెంచి పౌరులుగా వున్న మన కుటుంబాలు భారత చట్టం వైపు కూడ చూసుకోవాలి. మన దేశంలో రెండు పౌరసత్వాలు చెల్లవు. ఫ్రెంచి పౌరునికి ఇక్కడ ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. అయితే విదేశీ భారతీయ పౌరుడు అనే కార్డు వున్నది, ఓ.సి.ఐ. అంటారు. 1947 ఆగస్టు 15 తరువాత భారతదేశంలో కలిసిన ప్రాంతానికి చెందినవారు కూడ దానికి అర్హులని చట్టంలోనే వున్నది గనుక యానాం సంతతివారు నిశ్చింతగా దరఖాస్తు పెట్టుకోవచ్చును. కార్డు వుంటే వీసా బెడద లేకుండ సొంత ఇంట్లో వుండవచ్చును. కాని దానితో వ్యవసాయ భూమి కొనకూడదు. తండ్రి నుండి వారసత్వంగా వస్తే పుచ్చుకోవచ్చును.

మన వృత్తికి ఈ కాన్సలేట్ల వల్ల ప్రయోజనమేమన్నా వున్నదా అని సంఘాల కార్యదర్శులు అడుగుతారు. ఒకప్పుడు చాల దేశాలకు సరుకు పంపాలంటే ఆ దేశపు కాన్సలు ముద్ర వేసిన ఇన్‌వాయిసు కావలసివచ్చేది. ఇప్పుడు పాండిచేరి నుండి పారిస్‌కు తువాళ్ళ మూట పంపుటకు కాన్సలు గుమ్మం ఎక్కనక్కరలేదు. చదువు పత్రాలు, జనన పత్రాలు వంటివి ఫ్రాన్సులో చూపుటకు కూడ, 2005 నుండి మన విదేశాంగ శాఖ వేసే "అపోస్టీల్" ముద్ర చాలును. కాన్సలేటు ముద్రకని డబ్బు అడిగేవాడిని నమ్మవద్దు. ప్రదర్శనకు పోయే నేతగాడికి వీసా కావాలి. దరఖాస్తు పుచ్చుకొనేది ఒక ప్రైవేటు సంస్థ కౌంటరు, నిర్ణయించేది కాన్సలేటు. కౌంటరు గుమాస్తాను బ్రతిమాలి లాభం లేదు. కొనుగోలుదార్ల వివరాలకు, విదేశీ ప్రదర్శనలలో చోటుకు మద్రాసులో 1965 నుండి పనిచేస్తున్న చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలిని అడుగుటే దగ్గరి దారి.

ముందు చెప్పిన మాటకు వస్తాను. షోలాపూరులోను, భివండీలోను, సిరిసిల్ల వైపున మన బంధువుల ఇళ్ళలోను గల్ఫుకు పోయిన కుర్రవాళ్ళు లేని ఇల్లు అరుదు. అక్కడ మనవాడే విదేశీయుడు. దుబాయిలోని భారత కాన్సలేటే అతనికి దిక్కు. పోలీసులు పట్టుకొంటే "మా కాన్సలేటుకు తెలియజేయండి" అని అడిగే హక్కు వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం అతనికి వున్నది. అడిగితే వారు ఆలస్యం లేకుండ తెలపాలి; అడగకపోతే కొన్ని దేశాలు తెలపవు. యజమాని పాస్‌పోర్టు లాక్కొంటే, జీతం ఎగవేస్తే, చివరకు మనిషి పోతే శవాన్ని ఇంటికి చేర్చవలసివస్తే, 2009లో ఏర్పరచిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుండి అర్హులకు ఖర్చు పెట్టే ఏర్పాటు కాన్సలేటు చేతిలో వున్నది. అబ్బాయిని విమానం ఎక్కించేనాడు ఊరగాయ జాడీతో పాటు కాన్సలేటు చిరునామా, పాస్‌పోర్టు నకలు ఒకటి పెట్టెలో, ఇంకొకటి ఇంట్లో వుంచండి. కాన్సలు జైలు తలుపు తెరవలేడు, అక్కడి చట్టాన్ని మార్చలేడు. పోయి చూడగలడు, వకీలును ఏర్పాటు చేయించగలడు, ఇంటికి కబురు చేయగలడు.

భోషాణంలోని కాగితం సంగతి. అసలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకలు తీయించండి. ఫ్రెంచి తెలిసిన ఉపాధ్యాయుడు యానాంలోనో పాండిచేరిలోనో దొరుకుతాడు. ముందు అది ఏ కాగితమో చదివించుకోండి. పాత జనన మరణ రిజిస్టర్ల ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ పట్టణపు దస్తర ఖానాలో వున్నవి, యానాంవి కూడ. పాత సంవత్సరాలవి ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చుని కంప్యూటరులో చూడవచ్చును, రుసుము లేదు. పౌరసత్వం దొరకకపోవచ్చు. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఏ వీధిలో వున్నారో, ఏ వృత్తి చేసేవారో ఆ ఫ్రెంచి గుమాస్తా వ్రాసి వుంటాడు. వృత్తి అన్న చోట "తిస్సెరాన్" అనే మాట కనబడితే, నేతగాడు అని అర్థం.